యోగా చేసేవాళ్లకు పండుగ కానుక: మ్యాట్ కొనాలా, బ్లాకులా, దుప్పటా?

పండుగలు దగ్గరపడుతుంటే తెలిసినవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "మా అక్క యోగా చేస్తుంది. ఏమిస్తే బాగుంటుంది?" నేను తిరిగి ఇంకో ప్రశ్న వేస్తాను: "మీ అక్క ఏ ఆసనం దగ్గర ఇబ్బంది పడుతుందో ఎప్పుడైనా చూశారా?" చాలామంది చూసి ఉండరు. ఆవిడ చీకటితోనే లేస్తుందని తెలుసు, మ్యాట్ ఏ రంగో తెలుసు. మోకాలు నేలకు ఆనించిన ప్రతిసారీ ఆవిడ ముఖం ముడుచుకుంటుందని మాత్రం తెలియదు. ఇవ్వాల్సిన కానుక ఏదో ఆ మోకాలి దగ్గరే తెలిసిపోతుంది.

పద్నాలుగేళ్లుగా సాధన చేస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు వచ్చిన కానుకల్లో ఎక్కువ భాగం యోగా బొమ్మలున్న వస్తువులే. పద్మాసనం బొమ్మ ఉన్న కప్పు, ఓంకారం ఉన్న గోడ పటం, తాళంచెవుల గుత్తికి వేలాడే తామరపువ్వు. ఇచ్చినవాళ్ల ప్రేమ తెలుసు కాబట్టి అన్నీ దాచుకున్నాను. కానీ రోజూ నా చేతికి తగిలేవి మూడే: ఒక జత కార్క్ బ్లాకులు (చేతి కింద ఎత్తు కోసం పెట్టుకునే, చెట్టు బెరడుతో చేసిన ఇటుకలాంటి దిమ్మలు), ఒక నూలు బెల్టు, ఒక మందపాటి దుప్పటి. ఆ మూడూ ఇచ్చినవాళ్లు నేను సాధన చేస్తుంటే పక్కన కూర్చుని చూసినవాళ్లు.

ముందు మనిషిని చూడండి

యోగా అని ఒకే మాట అంటాం గానీ, ఒకరు చేసేదానికీ ఇంకొకరు చేసేదానికీ పోలికే ఉండకపోవచ్చు. అష్టాంగ పద్ధతివాళ్లు ఆగకుండా ఒకదాని వెంట ఒకటి చేస్తూ చెమటతో తడిసిపోతారు. అయ్యంగార్ పద్ధతివాళ్లు ఒక్క త్రికోణాసనాన్నే చాలాసేపు సరిదిద్దుకుంటూ నిలబడతారు. యిన్ యోగాలో ఒక్కో భంగిమలో మూడు నుంచి ఐదు నిమిషాలు కదలకుండా ఉంటారు. కొందరు ఆసనాలు తగ్గించేసి ప్రాణాయామం, ధ్యానం మీదే కూర్చుంటారు. మొదటివాళ్లకు కావలసింది జారని పట్టు, రెండోవాళ్లకు చేతి కింద ఎత్తు, మూడోవాళ్లకు ఒంటి కింద మెత్తదనం, నాలుగోవాళ్లకు కుదురుగా కూర్చునే చోటు. ఒకరికి బాగా పనికొచ్చింది ఇంకొకరికి ఇస్తే అల్మారా పాలవుతుంది.

ఒక్కరోజు పక్కన కూర్చుని చూస్తే చాలు. ఇంట్లో దొరికినదానితో వాళ్లు ఎక్కడ సర్దుకుంటున్నారో గమనించండి. చున్నీని కాలికి తగిలించి లాగుతుంటే వాళ్లకు బెల్టు కావాలి. లావుపాటి పుస్తకాల మీద అరచేయి ఆనిస్తుంటే బ్లాకులు కావాలి. సోఫా దిండు తెచ్చుకుని దాని మీద వాలుతుంటే బోల్స్టర్, అంటే ఒంటికి ఆసరా ఇచ్చే లావుపాటి గట్టి దిండు కావాలి. శవాసనంలో టవల్ మడతపెట్టి తల కింద పెట్టుకుంటుంటే దుప్పటి కావాలి. దూరంగా ఉన్న మనిషైతే వాళ్లకు నేర్పే టీచర్‌ను అడగండి. ఏ శిష్యుడికి ఎక్కడ ఆసరా కావాలో టీచర్‌కు తెలిసినంతగా ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు.

ఆసరా వస్తువులు పుట్టిందే ఇలా. బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014) చిన్నతనమంతా రోగాలతో నలిగిన మనిషి. బిగుసుకుపోయిన ఒళ్లు ఎలా ఉంటుందో అనుభవంతో తెలుసు. అందుకే వంగలేనివాళ్లు కూడా ఆసనంలో నిలబడేలా చెక్కదిమ్మలు, బెల్టులు, కుర్చీలు, దుప్పట్లు వాడే పద్ధతిని తీర్చిదిద్దారు. ఇవాళ కొట్లో దొరికే ప్రతి బ్లాకు వెనకా ఎవరో ఒకరి నేలకందని చెయ్యి ఉంది.

మ్యాట్: అందరికీ మొదట తోచేది, ఎక్కువగా గురి తప్పేది

చెప్పకుండా మ్యాట్ కొని ఇవ్వడం కొలత తెలియకుండా చెప్పులు కొనివ్వడం లాంటిది. రోజూ చెయ్యీ కాలూ ఆనించే మనిషికి దాని పట్టు, మందం, వాసన అన్నీ ఒంటికి అలవాటైపోయి ఉంటాయి. ఒక ఏడాది ఒకే పండక్కి నాకు మూడు మ్యాట్లు వచ్చాయి. ఒకటి జారేది, ఒకటి మోయలేనంత బరువు, మూడోది నా పొడవుకు చాలలేదు. ముగ్గురూ మంచి మ్యాట్లే కొన్నారు. అవి నాకు నప్పేవి కావు, అంతే.

నేలకు అతుక్కునే మ్యాట్ వెనక ఉన్న కథ కూడా ఒక మనిషి ఇబ్బందితోనే మొదలైంది. ఏంజెలా ఫార్మర్ అనే యోగా టీచర్‌కు టీనేజీలో జరిగిన శస్త్రచికిత్స వల్ల అరచేతులకూ పాదాలకూ చెమట పట్టదు. పొడి చేతులు నేల మీద జారిపోయేవి. 1960ల చివర్లో జర్మనీలో పాఠాలు చెబుతున్నప్పుడు, తివాచీ కింద జారకుండా పరిచే పొర ఆమె కంటపడింది. దాన్ని కత్తిరించి వాడుకున్నారు. మిగతావాళ్లు చూసి మాకూ కావాలన్నారు. ఆమె చేతులు పొడిగా ఉండి జారాయి. మీరు కానుక ఇచ్చే మనిషి చేతులు తడిగా ఉండి జారుతుండవచ్చు. ఆ తేడాను బట్టి కొనాల్సిన మ్యాట్ పూర్తిగా మారిపోతుంది.

చెమట ఎక్కువగా పట్టేవాళ్లకు సహజ రబ్బరు లేదా కార్క్ నప్పుతుంది. సహజ రబ్బరుకు పట్టు బాగుంటుంది, నేలను గట్టిగా కరుచుకుంటుంది. బరువు మాత్రం 2 నుంచి 3 కిలోల దాకా ఉంటుంది కాబట్టి భుజాన వేసుకుని బస్సెక్కేవాళ్లకు భారమే. కొత్తలో రబ్బరు వాసన కొన్ని వారాలు వదలదు. ఎండలో ఆరేస్తే పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. ఇవన్నీ సర్దుకోవచ్చు, సర్దుకోలేనిది ఒకటుంది: లేటెక్స్ అలర్జీ. నా స్నేహితురాలికి ఇలాంటి మ్యాటే ఎవరో ప్రేమగా ఇచ్చారు. రెండో రోజుకే ముంజేతుల మీద దద్దుర్లు లేచాయి. ఆమెకు బెలూన్లు ఊదినా పెదాలు దురదపెట్టేవని తర్వాత గుర్తొచ్చింది. కాబట్టి రబ్బరు మ్యాట్ కొనేముందు రబ్బరు గ్లౌజులు, బెలూన్లు పడతాయో లేదో ఏదో మాటల్లో కనుక్కోండి.

కార్క్ తీరు వేరు. పొడిగా ఉన్నప్పుడు కాస్త జారుతుంది, తడి తగిలేకొద్దీ పట్టు పెరుగుతుంది. చెమట చేతులవాళ్లకు ఇది హాయి. చేతులు ఎప్పుడూ పొడిగా ఉండేవాళ్లయితే మొదట్లో నాలుగు చుక్కల నీళ్లు చల్లుకోవాలి. చాలా కార్క్ మ్యాట్లకు అడుగు పొర రబ్బరే ఉంటుంది. లేటెక్స్ పడనివాళ్లకు కొంటుంటే అడుగున ఏముందో చదవడం మరచిపోవద్దు.

పీవీసీ మ్యాట్లు తేలిగ్గా దొరుకుతాయి, ఏళ్ల తరబడి మన్నుతాయి, తడిగుడ్డతో తుడిస్తే శుభ్రపడతాయి. పారేశాక మట్టిలో కలవవు, పునర్వినియోగమూ కష్టమే. పర్యావరణం గురించి పట్టింపు ఉన్న మనిషికి ఇది ఇస్తే మనసులో నొచ్చుకుంటారు. టీపీఈ (రబ్బరులా సాగే ఒక రకం ప్లాస్టిక్) మ్యాట్లు బరువు తక్కువ, వాసన తక్కువ, సహజ రబ్బరు ఉండదు. కానీ రోజూ గంటన్నర వాడేవాళ్ల కింద త్వరగా నలిగి గుంటలు పడతాయి. వారానికి రెండుసార్లు చేసేవాళ్లకు సరిపోతాయి. పైన పాలీయురేథేన్ పొర ఉన్న రబ్బరు మ్యాట్లకు అరచేయి అతుక్కున్నట్టు ఉంటుంది, అయితే ఆ పొర నూనెను పీల్చి మచ్చలు పడుతుంది. ఒంటికి నూనె రాసుకుని సాధన చేసే అలవాటున్నవాళ్లకు వద్దు. నూలు, జనపనార మ్యాట్లు చూడ్డానికి అందంగా ఉంటాయి. కూర్చుని చేసే సాధనకు బాగుంటాయి. నున్నటి నేల మీద, చేతులూ పాదాలూ ఆనించి తుంటిని పైకెత్తే అధోముఖ శ్వానాసనానికి మాత్రం అవి ఒక్కటే చాలవు, కింద జారని పొర ఉండాలి.

మందం విషయంలో చాలామంది పొరపడతారు. మందం ఎక్కువైతే హాయి ఎక్కువ అనుకుంటాం. 10 మిల్లీమీటర్లు దాటిన మెత్తటి మ్యాట్ మీద వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడి చూడండి. పాదం కూరుకుపోయి చీలమండ ఊగుతుంది. అవి నేల మీద పడుకుని చేసే వ్యాయామాలకు సరిపోతాయి. అందరికీ పనికొచ్చే మందం 4 నుంచి 5 మిల్లీమీటర్లు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు 6. ప్రయాణాలవాళ్లకు 1.5 నుంచి 2, అది మడతపెట్టి పెట్టెలో పెట్టుకోవచ్చు. మోకాళ్ల కోసమే మందం చూస్తుంటే, మామూలు మ్యాట్‌తో పాటు మోకాలి కింద వేసుకునే చిన్న ప్యాడ్ ఇవ్వడం నాకు మెరుగనిపిస్తుంది. నిలబడినప్పుడు గట్టి నేల, మోకరిల్లినప్పుడు మెత్తటి చోటు, రెండూ దొరుకుతాయి.

పొడవు కూడా చూడండి. మామూలు మ్యాట్ సుమారు 173 సెంటీమీటర్ల పొడవు, 61 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మనిషి ఎత్తుకు ఇంకో 10, 15 సెంటీమీటర్లు కలుపుకుని కొనాలి. ఆరడుగుల మనిషి మామూలు మ్యాట్ మీద శవాసనంలో పడుకుంటే మడమలు చల్లటి నేల మీదే ఉంటాయి.

ఇంత చదివాక కూడా మ్యాటే ఇవ్వాలనిపిస్తే, ఆ మనిషినే వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్లండి. అరచేతులు కొంచెం తడి చేసుకుని, పరిచిన మ్యాట్ మీద అధోముఖ శ్వానాసనంలో ఐదు ఊపిరులు నిలబడమనండి. చేతులు ముందుకు జరిగితే ఆ మ్యాట్ వద్దు. ఆశ్చర్యపరచడం కుదరదు, నిజమే. కలిసి వెళ్లి ఎంచుకున్న ఆ సాయంత్రమే కానుకలో సగం.

బ్లాకులూ బెల్టూ: కొలత తప్పని కానుకలు

ఎవరికైనా, ఏమీ అడగకుండా ఒకటి కొనాలంటే నేను బ్లాకులే కొంటాను. కొత్తవాళ్లకు నేల పైకొచ్చినట్టవుతుంది, పాతవాళ్లకు కొత్త పనులు దొరుకుతాయి. ఎప్పుడూ జతగానే ఇవ్వండి. ఒక్క బ్లాకు ఇస్తే రెండో చేతి కిందకు మళ్లీ పుస్తకమే వస్తుంది.

ఫోమ్ బ్లాకులా, కార్క్ బ్లాకులా అన్నది అసలు ఎంపిక. ఫోమ్ తేలిక, వీపు కింద పెట్టుకున్నా ఒత్తుకోదు, సంచిలో వేసుకుని తిరగొచ్చు. అర్ధచంద్రాసనంలో బరువంతా ఒక చేతి మీద పడ్డప్పుడు మాత్రం చవకరకం ఫోమ్ కిందకు అణిగి పక్కకు ఒరుగుతుంది. కార్క్ బరువుగా, నిక్కచ్చిగా నిలబడుతుంది, చెమట చేతికి జారదు. నేను కార్క్ వైపే. కానీ వెన్ను కింద పెట్టుకుని పడుకోవడమే ఎక్కువ చేసేవాళ్లకూ, ఎముకలు పైకి తేలిన సన్నటి మనుషులకూ ఫోమ్ ఇవ్వండి. చెక్క బ్లాకులు గట్టిగా ఉంటాయి, అందంగానూ ఉంటాయి, కాలి వేళ్ల మీద పడితే మాత్రం ఏడుపే. కొలత 23, 15, 10 సెంటీమీటర్లు ఉండేది అందరికీ సరిపోతుంది. చేతులు చిన్నవైతే మందం 7.5 సెంటీమీటర్లున్నవి పట్టుకోవడానికి వీలుగా ఉంటాయి. అంచులు గుండ్రంగా తీర్చారో లేదో వేలితో తడిమి చూడండి, మొనతేలిన అంచు మణికట్టుకు గుచ్చుకుంటుంది.

బెల్టు చిన్న కానుకలా కనిపిస్తుంది కానీ చేసే మేలు పెద్దది. వెన్ను వంచకుండా కాలిని దగ్గరకు తెచ్చుకునే దారి అది. సాగని నూలు పట్టీ కావాలి. సాగే ఎలాస్టిక్ బ్యాండు కండరాల బలం పెంచే వ్యాయామానికి మంచిదే, ఈ పని చేయదు. పొడవు 1.8 మీటర్లున్నవి పొట్టివాళ్లకు చాలు, 2.4 మీటర్లది చాలామందికి సరిపోతుంది, పొడగరులకూ భారీ ఒళ్లున్నవాళ్లకూ 3 మీటర్లది. బకిల్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రెండు లోహపు రింగుల్లోంచి పట్టీని దూర్చి ఉచ్చులా బిగించి, పాదం వేసి గట్టిగా తన్నండి. జారిపోతే పక్కన పెట్టేయండి. నా మొదటి బెల్టుకు ప్లాస్టిక్ బకిల్ ఉండేది. సుప్త పాదాంగుష్ఠాసనంలో కాలు పైకెత్తి ఉండగా అది టప్పున ఊడి, కాలు ఒక్కసారిగా జారింది. తొడ వెనక కండరం పట్టేసి వారం రోజులు మెట్లెక్కలేకపోయాను. అప్పటినుంచి లోహపు రింగులు తప్ప ఇంకోటి కొనలేదు.

కూర్చునే చోటు: దుప్పటి, బోల్స్టర్, కుషన్

స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనమన్నాడు పతంజలి. ధ్యానానికి కూర్చునే చోటు మరీ ఎత్తుగానో మరీ పల్లంగానో ఉండకూడదనీ, దర్భలు, వాటి మీద చర్మం, ఆపైన వస్త్రం పరచాలనీ భగవద్గీత ఆరో అధ్యాయంలో ఉంది. అంటే కింద గట్టిదనం, పైన మెత్తదనం, తగినంత ఎత్తు. ఇవాళ కుషన్ కొనేటప్పుడు కూడా చూడాల్సింది ఈ మూడే.

మా అత్తయ్య అరవై మూడో ఏట ప్రాణాయామం మొదలుపెట్టారు. సుఖాసనంలో కూర్చుంటే మోకాళ్లు తుంటికంటే ఎత్తున నిలబడేవి. నడుం గుండ్రంగా వెనక్కి పోయేది. ఐదు నిమిషాలకే చేతులు వెనక్కి ఆనించుకుని, "ఈ వయసులో నా వల్ల కాదమ్మా" అనేవారు. ఒకరోజు మందపాటి నూలు దుప్పటిని గట్టిగా మడతలు పెట్టి, ఆ మడత అంచు మీద కొంచెం ముందుకు జరిపి కూర్చోబెట్టాను. తుంటి నాలుగు వేళ్ల ఎత్తు లేచింది. మోకాళ్లు దిగాయి. నడుం దానంతటదే నిటారుగా నిలబడింది. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కళ్లు తెరవకుండానే, "ఇప్పుడు ఊపిరి పొట్టదాకా వెళ్తోంది" అన్నారు. ఆ పండక్కి ఆవిడకు అలాంటి దుప్పట్లే రెండు ఇచ్చాను. వాటి అంచులు ఇప్పుడు పోగులు లేచాయి, మార్చనివ్వరు.

అందుకే పెద్దవాళ్లకు నా మొదటి ఎంపిక దుప్పటి. నూలుదైనా ఉన్నిదైనా ఫరవాలేదు, నేత దట్టంగా ఉండాలి, మడిచినప్పుడు గట్టిగా నిలవాలి. బొచ్చులా మెత్తగా జారే సింథటిక్ దుప్పటి కూర్చోగానే అణిగిపోతుంది. ఎత్తు కావాలంటే మడతలు పెంచుకోవచ్చు, సర్వాంగాసనంలో భుజాల కింద వేసుకోవచ్చు, శవాసనంలో కప్పుకోవచ్చు. యోగా మానేసినా మంచం మీద పనికొస్తుంది.

బోల్స్టర్ పెద్ద కానుక, చోటు కూడా పెద్దదే కావాలి. ఇంట్లో పెట్టుకునే జాగా ఉందో లేదో చూసుకోండి. దీర్ఘచతురస్రంగా ఉండేది దొర్లదు, దాని మీద వెల్లకిలా వాలితే వెన్ను, తల నిలకడగా ఉంటాయి. గర్భిణులకూ, బాగా అలసిపోయి విశ్రాంతి కోసమే సాధన చేసేవాళ్లకూ ఇదే నయం. గుండ్రటిది ఛాతీని ఎక్కువగా విప్పుతుంది, మోకాళ్ల కింద చక్కగా అమరుతుంది, బిగుసుకున్న వెన్నుకు మాత్రం మొదట్లో ఎక్కువవుతుంది. ఒకటే కొనాలంటే దీర్ఘచతురస్రానిదే కొనండి. లోపల దూది దట్టించింది బరువుగా, గట్టిగా ఉండి ఏళ్లు నిలుస్తుంది, ఫోమ్‌ది తేలిక. పై గలీబుకు జిప్పు ఉండి తీసి ఉతుక్కునేలా ఉండాలి. జిప్పు లేని బోల్స్టర్‌ను, ఎంత అందంగా ఉన్నా, నేను కొనను.

ధ్యానం కుషన్లలో బక్‌వీట్ అనే గింజల పొట్టు నింపినవి ఒంటికి తగ్గట్టు సర్దుకుంటాయి. ఎత్తు ఎక్కువనిపిస్తే జిప్పు తీసి రెండు గుప్పెళ్ల పొట్టు బయటకు తీసేయొచ్చు. మనిషి కొలత మీకు సరిగ్గా తెలియనప్పుడు ఇంతకంటే భద్రమైనది లేదు. బూరుగు దూది నింపినవి తేలిగ్గా, మెత్తగా ఉంటాయి, కాలం గడిచేకొద్దీ అణుగుతాయి. చంద్రవంక ఆకారంలో ఉన్న కుషన్ మడమలను దగ్గరకు తెచ్చుకోనిస్తుంది. వజ్రాసనంలో వాడే చిన్న చెక్క పీట చీలమండల మీద బరువు తగ్గిస్తుంది, మోకాళ్లు బాగా మడవగలిగేవాళ్లకే అది. మోకాళ్లు అసలు మడవలేని మనిషికి నేల మీద కూర్చునే ఏ వస్తువూ ఇవ్వకండి. వాళ్లు కుర్చీలో కూర్చుని చేస్తారు. పాదాల కింద పెట్టుకోవడానికి బ్లాకుల జత ఇస్తే ఎంతో ఆదరించినట్టు.

చిన్న వస్తువులు, వాటిలో దాగిన జాగ్రత్తలు

అవిసె గింజలు నింపిన కళ్ల దిండు శవాసనానికి హాయైన చిన్న కానుక. గలీబు ఉతుక్కునేలా ఉంటే మంచిది. పరిమళం లేనిదే తీసుకోండి, లావెండర్ వాసన అందరికీ పడదు. గ్లకోమా ఉన్నవాళ్లకూ, ఈమధ్య కంటి ఆపరేషన్ అయినవాళ్లకూ ఇది ఇవ్వకూడదు, కంటి మీద ఒత్తిడి మంచిది కాదు. తలకిందులుగా నిలబడే స్టూళ్లు, వేలాడే ఊయలల సంగతీ అంతే. శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి బాగా పెరుగుతుంది. మెడ, రక్తపోటు, కళ్లు ఎలా ఉన్నాయో తెలియకుండా ఎవరికీ ఆ వస్తువులు కొనివ్వొద్దు. వెన్ను వంచే యోగా చక్రం కూడా వాళ్లంతట వాళ్లు అడిగితేనే.

ముక్కులోంచి నీళ్లు పోసి శుభ్రం చేసుకునే జలనేతి పాత్ర ఇస్తే దానితో పాటు ఒక చీటీ రాసి పెట్టండి: కుళాయి నీళ్లు నేరుగా వాడకూడదు. మరగబెట్టి చల్లార్చిన నీళ్లో, డిస్టిల్డ్ నీళ్లో మాత్రమే వాడాలి. తాగితే ఏమీ చేయని నీళ్లలోని అమీబా ముక్కులోంచి మెదడుకు పాకితే ప్రాణాంతకం. అరుదైనదే, కానీ మరగబెడితే పోయే ప్రమాదాన్ని ఎందుకు తెచ్చుకోవాలి?

అగరుబత్తుల దగ్గర నాకు గట్టి అభిప్రాయం ఉంది. ప్రాణాయామం చేసే మనిషి మామూలుకంటే లోతుగా ఊపిరి తీస్తాడు, ఆ గదిలో పొగ పెడితే అదంతా ఊపిరితిత్తుల్లోకే. ఆస్తమా ఉన్నవాళ్లకైతే అసలు వద్దు. పరిమళ తైలాలు ఇచ్చేముందు ఇంట్లో పిల్లులూ కుక్కలూ ఉన్నాయేమో చూడండి, టీ ట్రీ తైలం వాటికి విషం. గది వాతావరణానికి ఏదైనా ఇవ్వాలనుకుంటే మంచి శబ్దమున్న గంట గిన్నె ఇవ్వండి. ధ్యానం మొదట్లో ఒకసారి, చివర ఒకసారి మోగిస్తారు. కొనేటప్పుడు మోగించి, శబ్దం పూర్తిగా ఆగేదాకా విని కొనండి.

బట్టల జోలికి నేను పెద్దగా వెళ్లను. కొలత, బిగువు, రంగు, అన్నీ సొంత ఇష్టాలు. కొనక తప్పకపోతే వెలుతురుకు ఎదురుగా గుడ్డను సాగదీసి చూడండి, అవతలివైపు కనిపిస్తే ముందుకు వంగినప్పుడూ కనిపిస్తుంది.

వస్తువా, తరగతులా?

తరగతుల పాస్ మంచి కానుకే, వాళ్లు ఇప్పటికే వెళ్లే టీచర్ దగ్గరదైతే. మీకు నచ్చిన వేరే చోట కొనిస్తే, "నీ టీచర్ కంటే ఈయన మేలు" అన్నట్టు వినబడుతుంది. పద్ధతి కూడా మారకూడదు. నెమ్మదిగా చేసే మనిషిని 40 డిగ్రీల వేడి గదిలో జరిగే హాట్ యోగాకు పంపితే సంతోషం కంటే తలతిరుగుడే ఎక్కువ. గడువు తేదీ చూడండి. చిన్న పిల్లలున్న తల్లికి ఒక నెలలో ముగిసే పది తరగతుల పాస్ ఇస్తే సగం వృథా అవుతుంది, ఆ వృథా తన తప్పే అనుకుని బాధపడుతుంది కూడా. ఆమెకు విడివిడిగా, ఏడాదిలో ఎప్పుడైనా వాడుకునే పాస్ ఇవ్వండి. ఫోన్ యాప్ చందా అయితే, ఏడాది తిరగ్గానే దానంతటదే డబ్బులు లాగేసుకునే ఏర్పాటు ఎవరి కార్డు మీద ఉందో ముందే తేల్చుకోండి.

ఇప్పుడే మొదలుపెట్టిన మనిషికి వస్తువుల మూట ఇవ్వొద్దు. మూడు నెలలయ్యాక సాధన ఎటు వెళ్తుందో వాళ్లకే తెలియదు. నాలుగు తరగతులు, ఒక బెల్టు చాలు. ఏళ్లుగా చేస్తున్నవాళ్ల సంగతి వేరు. వాళ్ల దగ్గర అన్నీ ఉంటాయి, పైగా అవసరానికి మించి పోగుచేయకపోవడమనే అపరిగ్రహాన్ని మనస్ఫూర్తిగా పాటించేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్ల పాత వస్తువులను చూడండి. బోల్స్టర్ గలీబు చిరిగి ఉంటే కొత్త గలీబు కుట్టించి ఇవ్వండి. మ్యాట్ సంచి పట్టీ తెగిపోయి ఉంటే బాగుచేయించండి. నాకు తెలిసిన ఒక యోగా టీచర్ తనకు వచ్చిన కానుకల్లో అన్నిటికంటే ఇష్టమైనది ఏదో చెప్పింది. ఆమె తమ్ముడు ఒక కాగితం మీద, "ప్రతి ఆదివారం ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు పాపను నేను చూసుకుంటా అక్కా" అని రాసిచ్చాడట. ఏడాదంతా వచ్చాడట కూడా.

ఇచ్చేముందు

రబ్బరు మ్యాట్ కొన్నారా? పండుగకు వారం ముందే చుట్ట విప్పి, ఎండ తగలని, గాలి ఆడే గదిలో పరిచి ఉంచండి, వాసన చాలావరకు పోతుంది. మళ్లీ చుట్టేటప్పుడు చేతులు ఆనే వైపు బయటకు వచ్చేలా చుట్టండి, అప్పుడు పరిచినప్పుడు అంచులు పైకి లేవవు. దుప్పటైతే ఒకసారి ఉతికి ఇవ్వండి, కొత్త గంజి ఒంటికి గుచ్చుకుంటుంది. దేనికైనా బిల్లు లోపల పెట్టి, మార్చుకునే గడువు ఎప్పటివరకో పక్కనే రాయండి. నప్పకపోతే మార్చుకోమని మీ నోటితోనే చెప్పండి, లేకపోతే మొహమాటానికి అలాగే ఉంచుకుంటారు.

పండుగ వెళ్లిన నెలకు ఒకసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ వస్తువు ఎక్కడుందో గమనించండి. గోడవారగా, మ్యాట్ పక్కనే నలిగి కనిపిస్తే వచ్చే ఏడాదికి మళ్లీ అదే కంటితో చూడండి. ప్యాకింగులోనే ఉంటే, "ఇది నీకు నప్పలేదు కదూ, ఎక్కడ ఇబ్బందిగా ఉందో చూపించు" అని అడగండి. చూపిస్తారు.